వీథి యెవరిది?

వీథి బండ్లదా, బిడ్డలదా? లండన్ నగరమందలి వాల్తమ్‌స్టో విలేజి యను పేటలో 2014వ సంవత్సరమున స్థానిక మండలి యీ ప్రశ్ననే పరీక్షకు బెట్టెను. కొన్ని వీథులను మోటారులకు మూసి, నడచువారికిని సైకిలుపై బోవువారికిని విడిచెను. అడ్డదారిని దూసికొనిపోవు బండ్లను మాన్పుటయే దీని యుద్దేశము. వ్యాపారము చెడునని, చుట్టుదారి యగునని పలువురు మొఱలిడిరి. 2015లో, పేట చచ్చినదని చాటుచు శవపేటికనే మోసి యూరేగిరి. అయినను ఆర్ఫర్డు రోడ్డు నడచువారి వీథిగ నిలిచెను.

2020లో, మహమ్మారి నాళ్ల, లండనులోని పెక్కు మండలు లిట్టి పరీక్షలు చేసి, కొన్నిటిని ప్రజల యభ్యంతరముచే విరమించెను. పరీక్ష యనగా జూచి, విని, దిద్దుకొనుటయే గదా! ఒక వీథి ప్రశాంతమై, ప్రక్క రాజమార్గము పొగతో నిండినచో నచ్చటి తల్లికి న్యాయమెట్లు? కావున మండలివారు బండ్లను లెక్కించునపుడు, రెండు దారులలోను దాటలేక నిలిచిన పిల్లలను గూడ లెక్కింపవలెను.