అషిగారు బొమ్మకు ఏ రంగు వేయాలి?

రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు కూడా లేని ప్లాస్టిక్ సిపాయికి రంగులు వేయడం చిన్నపిల్లల ఆట అనుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. కొన్నేళ్ళుగా ఆ ఆటలో ఉన్నవాణ్ణి కనుక, అందులో చరిత్ర విద్యార్థికీ చిత్రకళాభిమానికీ కూడా పనికివచ్చే చిక్కుప్రశ్న ఒకటుందని మనవి చేస్తున్నాను. బొమ్మ నిజంగా ఉండాలా, అందంగా ఉండాలా? రెండూ కావాలంటే ఏది ఎక్కడ తగ్గాలి?

నేను ఎక్కువగా రంగులు వేసేది పాతకాలపు జపాను కాల్బలానికి. ఆ సిపాయిని 'అషిగారు' అంటారు. తేలిక పాదాలవాడు అని అర్థం. 1467లో ఓనిన్ యుద్ధంతో మొదలై 1615లో ఒసాకా కోట పతనం దాకా సాగిన అంతర్యుద్ధాల్లో బరువు మోసింది వీరే. ఈటెలు, విల్లులు, 1543లో పోర్చుగీసువారి వల్ల తనెగషిమా దీవికి చేరిన తుపాకులు వీరి చేతికే వచ్చాయి. 1575లో నగషినో దగ్గర తకెదా సైన్యాన్ని నిలువరించడంలో తుపాకి పట్టిన అషిగారులది పెద్ద పాత్ర. చాలామంది పొలం పని చేసుకునే కుటుంబాలవారు. సమురాయ్ ప్రముఖుల కవచాలు మ్యూజియాలకెక్కాయి. వీరి పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

రంగులు కలిపే ముందు నేను సిపాయి ఒంటిమీది వస్తువులను రెండు భాగాలు చేసుకుంటాను: ప్రభువు ఇచ్చినవి, ఇంటినుంచి తెచ్చుకున్నవి.

కవచం, 'జింగసా' అనే శంఖాకారపు టోపీ, వీపున కట్టే జెండా సాధారణంగా ప్రభువు ఆయుధాగారంలోవి. ఆ కవచానికి పేరే 'అరువు కవచం'. రొమ్ముమీదా టోపీమీదా ప్రభువు వంశ చిహ్నం ఉంటుంది. కనుక ఇవి దళమంతటికీ ఒకేలా ఉండాలి. ఇక్కడ మన అభిరుచికి చోటు లేదు. ఎక్కువగా కనిపించేవి నల్లని, గోధుమవన్నె పూతలు. ఆ పూత 'ఉరుషి' అనే చెట్టు పాలతో చేసింది. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగులనుంచి వచ్చేది. మెరుపు ఒకటే అనిపించినా పదార్థాలు వేరు. ఎరుపు కావాలంటే ఈ నవోమసా దళాన్ని ఎంచుకోండి. 1582లో తకెదా వంశం కూలాక వారి యోధులను చేర్చుకుని, ఆయన తన సైన్యమంతటికీ ఎర్ర కవచాలు తొడిగాడు. ఎరుపు బాగుంది కదా అని ప్రతి దళానికీ పూస్తే మాత్రం చరిత్ర చెడుతుంది.

ఇక రెండో భాగం. లోపలి బట్టలు, నడికట్టు, గడ్డి చెప్పులు, భుజాన వేసుకున్న బియ్యపు సంచి. ఇవి నీలిమందు నీలాలు, రంగు వేయని నారబట్ట, మట్టి గోధుమలు, బూడిదవన్నెలు. బట్టలు కూడా ప్రభువే ఇచ్చాడనుకోండి, ఎండకు వెలిసేది అందరికీ ఒక్క తీరుగా కాదు గదా! అందుకే నేను పదిమందికి ఒకే నీలం వేయను. ఒకడిది కొత్త నీలం, ఇంకొకడిది ఉతికి ఉతికి పాలిపోయిన నీలం, మరొకడి మోకాలికి మాసిక. అభిరుచికి చోటు ఇక్కడే. పైన అంతా ఒక్కటిగా, లోపల ఎవడికివాడుగా కనిపిస్తే ఆ వరుస సైన్యంలాగానూ ఉంటుంది, మనుషుల్లాగానూ ఉంటుంది.

కొలత సంగతి కూడా చెప్పాలి. 1/72 బొమ్మకు అసలు కవచం నలుపు యథాతథంగా వేస్తే మసిబొగ్గులా కనబడుతుంది, చెక్కడం కనిపించదు. కనుక ముదురు బూడిదరంగు వేసి, అంచులకు లేతరంగు సన్నగీత గీస్తాను. నీలాన్నీ ఒక పాలు లేత చేస్తాను. టోపీ మీద చిహ్నానికి దొరికే జాగా రెండు మిల్లీమీటర్లు. తకెదా వారి నాలుగు వజ్రాలు నాలుగు చుక్కలతో తేలిపోతాయి. తొకుగవా వారి మూడాకుల చిహ్నానికి ఈనెలు గీయబోతే ముద్దయిపోతుంది. మూడు ఆకుల ఆకారం చాలు. ఇది అబద్ధం కాదు, దూరంనుంచి చూసే కంటికి చేసే అనువాదం.

కురొసావా 1985లో తీసిన 'రాన్' సినిమాలో ముగ్గురు కొడుకుల సైన్యాలకు పసుపు, ఎరుపు, నీలం కేటాయించాడు. ఎవరు ఎవరో ప్రేక్షకుడికి వెంటనే తెలియాలి. కల్పిత కథకు ఆ హక్కు ఉంది. నగషినో అని పేరు రాసి అద్దాలబీరువాలో పెట్టే బొమ్మలకు అంత హక్కు లేదు.

ఆసక్తి ఉన్న విద్యార్థులకు నా సలహా ఒక్కటే. ఒక పెట్టె కొనండి, తెలిసినంతవరకు నిజానికి కట్టుబడండి, తెలియనిచోట ఆ మనిషి పేదవాడని గుర్తుపెట్టుకుని రంగు ఎంచండి. మెరుపు రంగులు అన్నీ అయ్యాక పాదాలకు కాస్త బురద పూయడం మరవకండి. అతని పేరులో మిగిలినవి ఆ పాదాలే.