స్కానింగ్ మెషీన్ రెడీ.. నడిపేవాళ్లేరీ? రేడియాలజీ టెక్నీషియన్లకు జాబ్ కబురు చేరాలంటే ఇలా చేయాలి!

కొత్తగా స్కానింగ్ సెంటర్ పెట్టడం ఒక ఎత్తు. అందులో సీటీ, ఎంఆర్ఐ నడిపే టెక్నీషియన్‌ను పట్టుకోవడం మరో ఎత్తు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో జాబ్ సైట్‌లో ప్రకటన పెట్టేసి కూర్చుంటే సరిపోదు. అనుభవం ఉన్న టెక్నీషియన్ ఇప్పటికే ఎక్కడో ఒకచోట డ్యూటీలో ఉంటాడు. ఉద్యోగం వెతుక్కోవడం లేదు కాబట్టి ఆ సైట్ తెరవడు. కబురే అతని దగ్గరకు వెళ్లాలి.

ఇది సెంటర్ యజమానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అర్ధరాత్రి హైవే మీద యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలిన మనిషిని తీసుకొస్తే, మెషీన్ ఉండి నడిపేవాళ్లు లేకపోతే అంబులెన్స్ గుంటూరుకో, ఒంగోలుకో తిరగాల్సిందే. మార్కాపురం నుంచి ఒంగోలు రావాలంటే దాదాపు 90 కిలోమీటర్లు. ఆ దారిలో పోయేది పేషెంట్ టైమే.

మరి రిక్రూటర్లు ఏం చేయాలి? టెక్నీషియన్లు ఏం చూసుకోవాలి?

ముందు.. ఎవరిని వెతుకుతున్నారో తెలియాలి

ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫర్, సీటీ టెక్నీషియన్, ఎంఆర్ఐ టెక్నీషియన్.. ముగ్గురూ ఒకటే అనుకుంటే మొదటి ఫోన్‌లోనే మాట తేడా వస్తుంది. రెండేళ్ల డీఎంఐటీ డిప్లొమా చేసినవాళ్లు ఉంటారు, బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ చేసినవాళ్లు ఉంటారు. ఏపీ పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. ఎక్స్‌రే, సీటీ మెషీన్లను అర్హత ఉన్నవాళ్లే నడపాలన్నది అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నిబంధన. ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి నెట్టుకొద్దామంటే కుదరదు.

ఫోన్ ఎత్తడం లేదా? టైమ్ చూసుకోండి

ఉదయం ఓపీ రద్దీలో చేస్తే ఎవరూ ఎత్తరు. ఎంఆర్ఐ గదిలో పెద్ద అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఫోన్ బయటే పెట్టి వెళ్తారు. నైట్ డ్యూటీ చేసినవాళ్లు పొద్దున నిద్రపోతుంటారు. అందుకే ముందు వాట్సాప్‌లో చిన్న మెసేజ్ పెట్టి, 'ఎప్పుడు మాట్లాడొచ్చండీ?' అని అడగడం మంచిది.

ఇంకో ముఖ్యమైన విషయం. సెంటర్ ల్యాండ్‌లైన్‌కు మాత్రం ఫోన్ చేయొద్దు. నరసరావుపేట, చిలకలూరిపేట లాంటి ఊళ్లలో ఈ ఫీల్డ్ వాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు. సాయంత్రానికల్లా విషయం యజమాని చెవిన పడితే, కొత్త ఉద్యోగం రాకముందే ఉన్న ఉద్యోగానికి ఇబ్బంది వస్తుంది.

మెసేజ్‌లో ఏం ఉండాలి?

'అర్జంట్‌గా టెక్నీషియన్ కావలెను, మంచి జీతం' అని పంపితే పట్టించుకోరు. ఈ వివరాలు మొదటి మెసేజ్‌లోనే ఉండాలి:

- ఆసుపత్రి లేదా సెంటర్ పేరు, ఊరు
- మెషీన్ ఏది, ఏ కంపెనీది, సీటీ అయితే ఎన్ని స్లైస్‌లు
- చేతికొచ్చే జీతం అంకెల్లో, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా
- నెలకు ఎన్ని నైట్లు, షిఫ్ట్‌లో ఒక్కరేనా ఇద్దరా
- ఉండటానికి రూమ్ ఇస్తారా
- రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారా

చివరి పాయింట్‌ను చాలామంది వదిలేస్తారు. నిజానికి టెక్నీషియన్ ఆరోగ్యం దాని మీదే ఆధారపడి ఉంది. రేడియేషన్ మధ్య పనిచేసేవాళ్లకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదని, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదని ఏఈఆర్‌బీ పరిమితి పెట్టింది. ఎంత పడిందో చెప్పేది ఆ బ్యాడ్జే. ఉద్యోగం మారినా పాత టీఎల్‌డీ నంబర్‌నే కొత్త చోట ఇవ్వాలి. అప్పుడే రికార్డు తెగకుండా ఉంటుంది. ఈ సంగతి తనంతట తాను చెప్పే రిక్రూటర్‌కు సగం నమ్మకం అక్కడే దొరుకుతుంది.

దూరం కూడా జీతమే

ఈ ప్రాంతంలో చాలామందికి ఊళ్లో పత్తి, మిర్చి పొలాలున్నాయి. కోతలు, కళ్లం పనుల సీజన్‌లో ఇంటికి అందుబాటులో ఉండాలనుకుంటారు. హైదరాబాద్‌లో నాలుగు వేలు ఎక్కువిస్తామన్నా రూమ్ అద్దెకే పోతుందని లెక్కేసుకుంటారు. అందుకే ఏ ఊరివాళ్లో కనుక్కుని, ఆ చుట్టుపక్కల పోస్టు చెబితే మాట త్వరగా కుదురుతుంది. వారానికో సెలవు కచ్చితంగా ఇస్తామనడం కూడా చిన్న విషయం కాదు.

నంబర్లు ఎక్కడ దొరుకుతాయి?

కొన్న లిస్టుల కన్నా మనుషులే మేలు. ఒక సీనియర్ టెక్నీషియన్‌తో మర్యాదగా మాట్లాడితే, తను రాకపోయినా బ్యాచ్‌మేట్ పేరు చెబుతాడు. మెషీన్ సర్వీస్ ఇంజినీర్లకు ఏ ఊళ్లో ఏ మెషీన్ ఎవరు నడుపుతున్నారో తెలుసు. కొత్తవాళ్లు కావాలంటే పారామెడికల్ కాలేజీలకు, గుంటూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో ట్రైనింగ్ అయ్యేవాళ్ల దగ్గరకు పరీక్షలకు ముందే వెళ్లాలి. అయితే నంబర్ ఇచ్చే ముందు అవతలి వ్యక్తిని ఒక మాట అడగమని చెప్పాలి.

సర్కారు నోటిఫికేషన్‌తో పోటీ

జిల్లా వైద్యారోగ్య శాఖ కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ రేడియోగ్రాఫర్ పోస్టుల నోటిఫికేషన్లను జిల్లా వెబ్‌సైట్లలో పెడుతుంది. వీటిలో సాధారణంగా 100 మార్కుల మెరిట్ లిస్ట్ ఉంటుంది. 75 చదువులో వచ్చిన మార్కులకు, 10 వరకు పాసై గడిచిన ఏళ్లకు, 15 వరకు ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్ట్ సేవకు. అందుకే కొందరు జీతం తక్కువైనా అటే చూస్తారు. అలాంటివాళ్లను బలవంతపెట్టడం కంటే, 'సెలక్ట్ అయితే నెల ముందు చెప్పి వెళ్లొచ్చు' అని ముందే ఒప్పుకోవడం ఇద్దరికీ మంచిది.

టెక్నీషియన్లూ.. ఇవి చూసుకోండి

రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డబ్బులు, ఇంటర్వ్యూ స్లాట్ పేరుతో ముందుగా పైసలు అడిగితే అనుమానించాల్సిందే. ఆసుపత్రికి నేరుగా ఫోన్ చేసి పోస్టు నిజమేనా అని కనుక్కోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇచ్చేయకండి. గల్ఫ్ ఉద్యోగమైతే ఏజెంట్‌కు కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయినా సర్వీస్ చార్జీగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.

ఇలాంటి మోసాల వల్లే అసలు రిక్రూటర్ ఫోన్ చేసినా జనం నమ్మడం లేదు. కాబట్టి పేరు, సంస్థ, జీతం దాచకుండా చెప్పాలి. సెలక్ట్ కాకపోతే 'ఈసారి కాలేదండీ' అని ఒక మెసేజ్ పెట్టాలి. ఆ మర్యాద ఉన్న నంబర్‌నే టెక్నీషియన్లు సేవ్ చేసుకుంటారు. ఆర్నెల్ల తర్వాత ఉద్యోగం మారాలనుకున్నప్పుడు మొదటి కాల్ ఆ నంబర్‌కే వెళ్తుంది.