చింతపిక్కలతో చిన్నారుల లెక్క

ఇంటికి అతిథులు వచ్చినప్పుడు నాలుగేళ్ళ బిడ్డచేత అంకెలు అప్పజెప్పించి మురిసిపోవడం మనందరికీ అలవాటే. ఒకనాడు రెడ్‌మండ్‌లోని మా ఇంట, ఇరవై దాకా గడగడ వల్లించిన మా అమ్మాయి ముందు ఏడు చింతపిక్కలు పోసి లెక్కపెట్టమన్నాను. తప్పు లేకుండా లెక్కించింది. "అయితే మొత్తం ఎన్నమ్మా?" అంటే జవాబు చెప్పక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది! మురిపెం అంతటితో ఆగి, నాలో ఆలోచన మొదలైంది.

రోచెల్ గెల్మన్, ఛార్లెస్ గాలిస్టెల్ అనే శాస్త్రజ్ఞులు 1978లో ఈ విషయాన్ని విశదీకరించారు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క మాటే చెందాలి. మాటల వరుస మారరాదు. చివర పలికిన మాటే మొత్తం సంఖ్య. మా అమ్మాయికి అందనిది ఈ మూడవదే. మాట ఏదైనా ఫరవాలేదు, వరుస తప్పకుంటే చాలు. మన రైతులు ధాన్యం కొలుస్తూ మొదటి కొలతను "లాభం" అని, ఆ పైన "రెండు" అనడం లేదా?

జీన్ పియాజే ప్రసిద్ధ ప్రయోగాన్ని మీరూ చేయవచ్చు. ఆరేసి పిక్కలతో రెండు సమాన వరుసలు పేర్చి, ఒకదానిని ఎడంగా జరపండి. పొడవైన వరుసలోనే ఎక్కువ ఉన్నాయని పసివారు చాలమంది అంటారు. అడిగే తీరునుబట్టి జవాబు మారుతుందని తరువాతి పరిశోధకులు చూపారు గనుక, మీ బిడ్డ అలా అంటే దిగులుపడకండి, కోప్పడకండి.

లెక్కించడం కుదిరాక గుంపులు కట్టించాలి. మన పెద్దలు నాలుగింటిని పుంజీ అన్నారు. ఇరవై మూడు పిక్కలిస్తే అయిదు పుంజీలు, పైన మూడు. వాటినే పదేసి చొప్పున పోగులు పెట్టిస్తే రెండు పోగులు, మళ్ళీ మూడే మిగులుతాయి. ఎందుకని పిల్లలు అడిగితే మీ పంట పండినట్లే. (పరమాణువులను విడివిడిగా లెక్కించలేక, మా రసాయనశాస్త్రజ్ఞులమూ "మోల్" అనే పెద్ద పోగు పెట్టుకున్నాము.)

ఇక్కడ మన భాష చేసే ఉపకారం గొప్పది. ఇరువది, ముప్పది, నలువది అన్న మాటల్లో "పది" వినబడుతూనే ఉంది. పదమూడులో పది ముందు, మూడు వెనుక. ఇంగ్లీషు "థర్టీన్"లో వరుస తారుమారు. "ఎలెవెన్"లో పది జాడే కానరాదు. 1995లో కెవిన్ మిల్లర్ బృందం చైనా, అమెరికా పిల్లలను పోల్చినప్పుడు, పది లోపు అంకెలలో కాక, పది దాటిన తరువాతే తేడా ప్రస్ఫుటమైంది. చైనా భాషలో పదకొండును "పది ఒకటి" అనే అంటారు. బడిలో ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది. పోగులు పెట్టేటప్పుడు మాత్రం తెలుగులోనే పలికించండి.

1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మారియా మాంటిస్సోరి పద్ధతిలోనూ ఇదే మార్గం: విడి పూస, పది పూసల కడ్డీ, వంద పూసల చదరం, వేయి పూసల ఘనం. వేయి ఎంత బరువో చేతికే తెలుస్తుంది.

మన దుకాణాలలో దొరికేది గింజ తీసిన చింతపండే గనుక, రాజ్మా గింజలైనా చాలు. మూడేళ్ళలోపు వారికి గింజలు ఇవ్వరాదు. గొంతులో అడ్డుపడే ప్రమాదముంది. వారికి మేరీమూర్ పార్కులో ఏరిన పెద్ద ఎండుటాకులు నయం. కాస్త పెద్దవారికి గుడ్ల అట్టపెట్టెలతో వామనగుంటలు తయారుచేయవచ్చు: వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలు, గుంటకొక పుంజీ. మొత్తం పిక్కలు ఎన్ని కావాలో మాత్రం మీరు చెప్పకండి.