పాత ఆటలు – క్రొత్త కంప్యూటర్లు

1989లో జోర్డాన్ మెక్నర్ అను అమెరికా యువకుడు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అను కంప్యూటర్ ఆటను రచించెను. మరుసటి సంవత్సరము అది ఐ.బి.ఎం. తరగతి కంప్యూటర్లకును వచ్చెను. ఆ ఆటను నేటి విండోస్ 11 యంత్రములో నేరుగా ప్రారంభింపబోయినచో, ఇది ఇచట నడువదను సమాధానమే వచ్చును. ఆటలో ఒక్క అక్షరమైనను చెడలేదు. యంత్రమా, పాతదానికంటె వేల రెట్లు శక్తి గలది. మరి కారణమేమి?

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్‌లో 8088 అను ప్రాసెసర్ ఉండెను. దాని గడియారము సెకనునకు 47 లక్షల 70 వేల మారులు కొట్టుకొనెడిది. డాస్ అను నాటి ఆపరేటింగ్ సిస్టం, ఇల్లు అద్దెకిచ్చి తాళములన్నియు అప్పగించిన యజమాని వంటిది. ఆట మొదలయిన పిమ్మట యంత్రమంతయు ఆటదే. తెరకు సంబంధించిన మెమరీలో అది తానే అంకెలు వ్రాయును. ధ్వని పరికరమునకు తానే ఆజ్ఞలిచ్చును. నేటి యంత్రములో పదుల కొలది ప్రోగ్రాములు ఒకేసారి నడచుచుండును. ఒకటి మరియొకదాని మెమరీని చెరపకుండ కాపాడుట సిస్టం విధి. కావున ఏ ఆటయు పరికరములను నేరుగా ముట్టరాదు, అనుమతి అడుగవలెను. పాత ఆటకు అడుగుట తెలియదు! 32 బిట్ల విండోసులలో ఒక మధ్యవర్తి ప్రోగ్రాము ఉండి కొంత సర్దెడిది. అది ఆధారపడిన ప్రాసెసర్ సౌకర్యము 64 బిట్ల పద్ధతిలో లభింపదు.

వేగము తెచ్చిన చిక్కు ఇంకను వింతయైనది. తొలినాటి ఆటలు కొన్ని, కొంతసేపు ఆగవలసి వచ్చినపుడు గడియారమును చూడక, ఊరక ఒకటి రెండు మూడని అంకెలు లెక్కించెడివి. నేటి ప్రాసెసర్ సెకనునకు 300 కోట్ల మారులు కొట్టుకొనుననుకొందము. దీనిని 47.7 లక్షలచే భాగింపగా సుమారు 629 వచ్చును. అనగా ఒక సెకను ఆగుటకని వ్రాసిన లెక్క సెకనులో 600వ వంతు గడువకమునుపే ముగియును. బొమ్మ కదలుటయే కంటికి కనబడదు. నిజమునకు తేడా ఇంతకంటె ఎక్కువ. ఒక్కొక్క కొట్టుకు జరుగు పనియు పెరిగినది. 1980ల చివర అనేక కంప్యూటర్ల పెట్టెలపై ‘టర్బో’ అను మీట ఉండెడిది. పేరునుబట్టి వేగము హెచ్చించునదని తోచును గాని, అది ముఖ్యముగా ఇట్టి ఆటలకొరకు యంత్రమును మందగింపజేయుటకే పనికివచ్చెను.

ఒక్కొక్కప్పుడు దోషము ఆటలోనే ఉండును. ‘సిం సిటీ’ అను నగర నిర్మాణపు ఆట, ఇక అక్కరలేదని వదలివేసిన మెమరీని వెంటనే మరల చదివెడిది. పాత సిస్టం ఆ చోటును అంత త్వరగా ఇతరులకు ఈయదు గనుక తప్పు బయటపడలేదు. విండోస్ 95 ను నిర్మించినవారు ఆ ఆటను గుర్తించి, దాని విషయములో మాత్రము మెమరీని వెంటనే తీసికొనకుండునట్లు ఏర్పాటు చేసిరి. ఒకరి తప్పును మరొకరు మోయుట న్యాయమా అనవచ్చును. కాని ఆట నిలిచిపోయినచో కొనుగోలుదారు నిందించునది క్రొత్త సిస్టమునే గదా!

ఒక యంత్రము మరియొక యంత్రమువలె వర్తింపగలదని అలన్ ట్యూరింగ్ 1936లోనే గణితరీత్యా చూపెను. 2002లో తొలిసారి వెలువడిన ‘డాస్‌బాక్స్’ ఆ సూత్రమునకు చక్కని ఉదాహరణము. అది పాత ప్రాసెసర్‌ను, తెరను, ధ్వని పరికరమును ప్రోగ్రాము రూపమున కల్పించును. ఆట వ్రాయు అంకెలు ఆ కల్పిత తెరకు చేరును. డాస్‌బాక్స్ వానిని నేటి సిస్టమునకు తెలిసిన భాషలో విన్నవించును. కంట్రోల్ మీటతో ఎఫ్ 11 నొక్కిన వేగము తగ్గును, ఎఫ్ 12 నొక్కిన పెరుగును.

ఇంతతో చిక్కులన్నియు తీరలేదు. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’లో మొదటి అంతస్తు దాటగానే అక్షరములు గుర్తుగా గల సీసాలు వరుసగా కనబడును. ఆటతో అమ్మిన చిన్న పుస్తకములో ఫలాని పుట, ఫలాని పంక్తిలోని పదము ఏ అక్షరముతో మొదలగునో, ఆ సీసానే త్రాగవలెను. ఇది దొంగ ప్రతులను అరికట్టుటకు చేసిన ఉపాయము. యంత్రమును ఎంత నిక్కముగా అనుకరించినను, ఆ పుస్తకము లేనివాడు సరియైన సీసా ఏదో తెలియక అచటనే నిలిచిపోవును. అందుచేత ఆటలను భద్రపరచువారు ఫ్లాపీలతోపాటు ఆ కాగితపు పుస్తకములను గూడ వెదకి దాచుచున్నారు.