చిక్కులెక్కలలో ఒక విశ్వాసి ఆనందము

కొన్ని పువ్వులున్నవి, కొన్ని తుమ్మెదలున్నవి. పువ్వుకొక తుమ్మెద వాలితే ఒక తుమ్మెద మిగులును. పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు మిగులును. పువ్వులెన్ని, తుమ్మెదలెన్ని? రాత్రి భోజనాలైన తరువాత అరుగు మీద తాతలు మనుమలను అడిగే ఈ లెక్క మన పల్లెలలో తెలియని ఇల్లు అరుదు. కుర్రవాడు వేళ్లు మడిచి, విప్పి, కొంతసేపు ఆకాశం వంక చూచి, "మూడు పువ్వులు, నాలుగు తుమ్మెదలు" అంటాడు. వానికి బహుమానమేమీ లేదు. అయినను "ఇంకొకటి అడుగు తాతా" అంటాడు.

ఎనుబది యేండ్లు దాటినను ఆ ఆశ తీరని ఒక పెద్దమనిషిని గూర్చి ఈ నెల మేము వ్రాయుచున్నాము. ఆయన పేరు డోనాల్డ్ కనూత్. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు విద్యను క్రమమైన శాస్త్రముగా తీర్చినవారిలో ముఖ్యుడు. 1938 జనవరి 10న అమెరికాలోని మిల్వాకీ పట్టణములో పుట్టెను. తండ్రి లూథరన్ పాఠశాలలో ఉపాధ్యాయుడు, ఆలయములో ఆర్గను వాయించువాడు. కుమారుడును లూథరన్ సంఘములోనే పెరిగెను, ఆర్గను నేర్చుకొనెను.

ఆయన ఎనిమిదవ తరగతిలో ఉండగా ఒక మిఠాయి కంపెనీ పిల్లలకు పోటీ పెట్టినది. "జీగ్లర్స్ జెయింట్ బార్" అను వారి మిఠాయి పేరులోని ఆంగ్ల అక్షరములతో ఎన్ని మాటలు కూర్చగలరు అని. కుర్రవాడు కడుపునొప్పి అని చెప్పి రెండు వారములు బడి మానివేసి, ఇంట్లో పెద్ద నిఘంటువు ముందు వేసుకొని కూర్చున్నాడు. (ఈ కడుపునొప్పి సంగతి మన పిల్లలు నేర్చుకొనకుందురు గాక!) ఆ పేరులో లేని అక్షరముతో మొదలగు పుటలను తెరువనక్కర లేదు గదా. అట్లు జల్లెడ పట్టగా పట్టగా సుమారు 4,500 మాటలు దొరికినవి. పోటీ పెట్టినవారి యొద్ద ఉన్న జాబితాలో సుమారు 2,500 మాత్రమే! బడికి టెలివిజను పెట్టె, తోటి పిల్లలకు మిఠాయిలు బహుమతిగా వచ్చినవి.

మిఠాయి కంటె మమ్మును ఆకర్షించినది ఆ జల్లెడ పట్టు పద్ధతి. ఏ పుట తెరువనక్కర లేదో ముందుగా తెలిసికొనుట, ఒక్క మాటయు తప్పిపోకుండ వరుసగా నడచుట. పెద్దవాడైన తరువాత ఆయన కంప్యూటరుకు నేర్పినది చాలవరకు ఇదే పని.

ఈ సంగతి మేము ఊరికే చెప్పుట లేదు. మా సంఘములో ఒక కౌలురైతు ఉన్నాడు. ఒకనాడు ఆరాధన ముగిసిన తరువాత ఆగి, "అయ్యగారండీ, మావాడు ఎప్పుడు చూసినా అగ్గిపుల్లలు పేర్చటం, పలక మీద గళ్లు గీయటం. గొడ్లకు నీళ్లు పెట్టరా అంటే 'ఇదొక్కటి తేలనియ్యి నాన్నా' అంటాడు. ఈ లెక్కల పిచ్చితో నాలుగు రాళ్లు వస్తయ్యా అండీ?" అని అడిగెను. ఆ తండ్రిది కఠిన హృదయము కాదు. కౌలు కట్టవలసినవానికి ప్రతి గంటకు వెల ఉన్నది. గొడ్లకు నీళ్లు పెట్టవలసినదే అని కుర్రవానితో చెప్పితిమి. నీళ్లు పెట్టిన తరువాత ఆ పలక లాగివేయవద్దని తండ్రితోను చెప్పితిమి.

మన ఇండ్లలో లెక్కలనగా మార్కులు, మార్కులనగా భయము. కనూత్ గారికి కూడ ఆ భయము పట్టినది. క్లీవ్‌లాండులోని కేస్ కళాశాలలో చేరినప్పుడు, ఉత్తీర్ణుడను కాలేనేమోనను దిగులుతో గురువు ఇచ్చిన లెక్కలే గాక పుస్తకములో ఉన్న లెక్కలన్నియు చేయ మొదలుపెట్టెను. మొదట ప్రాణము మీదికి వచ్చినది. కొన్ని నెలలకు, తోటివారు ఇచ్చిన లెక్కలు మాత్రము చేయు వేళలో ఆయన అన్నిటిని ముగించుచుండెను. భయముతో మొదలైనది ఆటగా మారినది. ఆయన మొట్టమొదట అచ్చు వేయించిన శాస్త్ర వ్యాసము కూడ 1957లో ఒక హాస్య పత్రికలో వచ్చిన ఎగతాళి కొలమానములే!

ఆయన లెక్కల ఆట ఎట్టిదో చూతము. పదవ తరగతి పిల్లలున్న ఇంటిలో ఈ భాగమును కాగితము, కలము పట్టుకొని చదువుడి. 1964లో ఆయన ఒక గణిత పత్రికలో వ్రాసిన చిన్న వ్యాసములోనిది. మీ చేతిలో ఒకే ఒక అంకె ఉన్నది, 4. మూడు పనులు మాత్రము చేయవచ్చును. ఒకటి, ఆ సంఖ్య మొదలుకొని ఒకటి వరకు గల సంఖ్యలన్నిటిని గుణించుట. దీనిని ఫాక్టోరియల్ అందురు. 4కు ఫాక్టోరియల్ 4, 3, 2, 1ల గుణకారము, అనగా 24. రెండు, వర్గమూలము తీయుట. మూడు, దశాంశపు చుక్క తరువాత ఉన్నదానిని విడిచివేయుట. ఈ మూడిటిని ఎన్నిసార్లయినను వాడి మీరు కోరిన సంఖ్యకు చేరగలరా?

ఉదాహరణకు 5 కావలెను. 4 నుండి 24. మరల 24కు ఫాక్టోరియల్ తీసినచో ఇరువది నాలుగు అంకెల పొడవుగల సంఖ్య వచ్చును. దానికి వర్గమూలము, దాని వర్గమూలము, అట్లు అయిదుసార్లు తీసినచో 5.54 వచ్చును. చుక్క తరువాతది విడిచితే 5. ఇక 5కు ఫాక్టోరియల్ 120. దాని వర్గమూలము 10.95, చుక్క తరువాతది విడిచితే 10. విడువక ఇంకొకసారి మూలము తీసినచో 3.31, అనగా 3. మూడుకు ఫాక్టోరియల్ 6. మరి 7? ఆరుకు ప్రక్కనే ఉన్నది గదా అనుకొందుము. మేము కూర్చుండి వేసి చూడగా 6 నుండి 26కు, 26 నుండి 46కు, 46 నుండి 7కు దారి దొరికినది. ప్రక్కింటికి పోవుటకు మూడు ఊళ్లు తిరిగి వచ్చినట్లున్నది! ఈ విధముగా ఏ ధన పూర్ణసంఖ్యకైనను చేరవచ్చునని కనూత్ గారి ఊహ. చేరవచ్చునని ఆయన నిరూపించలేదు, నిరూపించితినని చెప్పుకొననూ లేదు. "ఇది నా ఊహ" అని వేరుగా, "ఇది నిరూపించినది" అని వేరుగా చెప్పుట ఆ శాస్త్రములో చిన్న పిల్లలకు సైతము నేర్పు మర్యాద. ఇది మా ప్రసంగ వేదికలకు కూడ వచ్చిన ఎంత బాగుండును అని మాకు అప్పుడప్పుడు తోచును.

1962లో ఆయన ప్రోగ్రాముల విద్యను గూర్చి ఒక గ్రంథము వ్రాయ పూనుకొనెను. ఒక్క పుస్తకమనుకొన్నది పెరిగి పెరిగి సంపుటములైనది. మొదటిది 1968లో, రెండవది 1969లో, మూడవది 1973లో వచ్చినవి. నాలుగవ సంపుటపు మొదటి భాగము 2011లోను, రెండవ భాగము 2022లోను వచ్చినవి. అప్పటికి ఆయన వయస్సు 84. పుస్తకము నిండ అభ్యాసములే. ప్రతి లెక్కకు ప్రక్కన 0 నుండి 50 వరకు ఒక సంఖ్య ఉండును. సున్న అనగా చూడగానే చెప్పదగినది. యాబది అనగా ఎవరును తేల్చనిది. మూడు వందల యేండ్లకు పైగా తేలని ఫెర్మా సిద్ధాంతమునకు తొలి కూర్పులో 50 వేసెను. 1990లలో ఆండ్రూ వైల్స్ అను ఆయన దానిని నిరూపించగా, తరువాతి కూర్పులో 45కు తగ్గించెను!

ఈ సంపుటములలో మన దేశపు పేర్లు కనబడుట మాకు సంతోషము కలిగించినది. బడిలో ఛందస్సు చదివినవారికి లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలని జ్ఞాపకముండును. మూడు మాత్రలను ఎన్ని విధముల కూర్చవచ్చును? లలల, లగ, గల, మూడు విధములు. నాలుగు మాత్రలనో? లలలల, లలగ, లగల, గలల, గగ, అయిదు విధములు. అయిదు మాత్రలకు ఎనిమిది, ఆరింటికి పదమూడు. చివర లఘువు ఉండవలెను, లేదా గురువు ఉండవలెను; కాబట్టి వెనుకటి రెండు లెక్కలు కూడితే తరువాతి లెక్క వచ్చును. 3, 5, 8, 13 అను ఈ వరుసను లోకము ఫిబొనాచ్చి అను ఇటలీ దేశస్థుని పేరిట పిలుచును. ఆయన పుస్తకము 1202 నాటిది. అంతకు ముందే, సుమారు 1150లో, గుజరాతు ప్రాంతపు జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు నిమిత్తము దీనిని వ్రాసియుండెనని కనూత్ తన మొదటి సంపుటములోనే తెలిపెను. లఘుగురువులను వరుస తప్పకుండ పరచి చూపు ప్రస్తారమును చెప్పిన పింగళుని గూర్చియు మరొక సంపుటములో వ్రాసెను. య మ త ర జ భ న స అను ఎనిమిది గణములు ఎనిమిదే ఎందుకైనవి? మూడు స్థానములు, ఒక్కొక్క దానిలో లఘువో గురువో. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. కంప్యూటరు లోపల ఉండు సున్న, ఒకటి లెక్కయు ఇదే. బడిలో బెత్తము దెబ్బల మధ్య గణములు వల్లించినవారికి ఈ మాట ఎవరైన చెప్పియుంటే బాగుండెడిది.

ఇక తప్పుల సంగతి. తన పుస్తకములో తప్పు చూపినవారికి ఆయన 2 డాలర్ల 56 సెంట్లు ఇచ్చెదనని ప్రకటించెను. ఇదేమి లెక్క? మనము పదులతో లెక్కించుదుము గనుక నూరు సెంట్లు ఒక డాలరు. పదునారులతో లెక్కించు కంప్యూటరువారికి పదునారు పదునారులు 256 గదా, అది వారి "నూరు"! చెక్కు అందుకొన్నవారిలో అనేకులు సొమ్ము తీసికొనక చట్రము కట్టించి గోడకు తగిలించుకొనిరి. 2008లో మోసగాండ్ల భయమువలన నిజమైన చెక్కులు మాని, లోకములో ఎక్కడను లేని ఒక బ్యాంకు పేరిట పత్రములు ఇయ్యసాగెను. తప్పు చూపించినవానిపై కోపపడుట మన ఇండ్లలోను, సంఘములలోను సాధారణమే. తప్పు చూపించినవానికి సొమ్మిచ్చువారిని మేము ఇంకెక్కడను చూడలేదు.

ఈ మనిషి బైబిలు పట్టుకొన్నప్పుడు ఏమి చేసెనన్నది మాకు ఎక్కువ ఆసక్తి కలిగించిన విషయము. బహు పెద్ద రాశిని తెలిసికొనుటకు అక్కడొక పిడికెడు, ఇక్కడొక పిడికెడు తీసి చూడవచ్చును. ధాన్యపు బస్తాలకు బొంకి గుచ్చి నాలుగు గింజలు అరచేతిలో వేసికొని చూచు వర్తకుని పద్ధతి. అట్లే ప్రతి పుస్తకములోను మూడవ అధ్యాయము పదునారవ వచనమును తీసికొని శ్రద్ధగా చదువుదమని ఆయన తన సంఘపు బైబిలు తరగతిలో ఆరంభించెను. 3:16 ఎందుకు? యోహాను 3:16 ఎవరికి తెలియదు! కనీసము ఒక్కటైనను గొప్ప వచనము తగులునని ధైర్యము. మూడవ అధ్యాయములో పదునారు వచనములు లేనియెడల నాలుగవ అధ్యాయములోనికి లెక్క సాగించవలెను. ఈ విధముగా 59 వచనములు దొరికినవి. ఒక్కొక్కదానిని గూర్చి వివిధ పండితులు వ్రాసినవి చదివి, తాను వివరణ వ్రాసి, అనేక దేశముల చేతివ్రాత కళాకారులచేత ఆ వచనములను అందముగా వ్రాయించి 1991లో పుస్తకముగా వెలువరించెను. యోహాను సువార్త వచనమును ప్రసిద్ధ అక్షర శిల్పి హెర్మన్ జాఫ్ వ్రాసెను.

దేవుని వాక్యమును ధాన్యపు బస్తావలె గుచ్చి చూచుట తగునా? ఈ ప్రశ్న మాకును కలిగినది. అయితే మనము చేయుచున్నదేమి? మనకు నచ్చిన ఏబది అరువది వచనములనే మరల మరల ప్రసంగించుట లేదా? ఈ లెక్క మన ఇష్టాయిష్టములను అడుగదు. 1 దినవృత్తాంతములు 3:16లో రాజుల కుమారుల పేర్లే ఉన్నవి. నెహెమ్యా 3:16లో గోడ కట్టిన ఒకాయన పేరు, ఆయన కట్టిన మేర ఎంత అన్నది ఉన్నది. ఇరువది యేండ్ల సేవలో ఈ రెండిటిపై మేము ప్రసంగించిన జ్ఞాపకము లేదు. మూడవ అధ్యాయము చాలక లెక్క సాగించినప్పుడు జెకర్యా 4:6 తగులును. ఆ వచనము మన విశ్వాసుల ఇండ్లలో ఎన్ని గోడల మీద ఉన్నదో మీకే తెలియును. 2 పేతురు 3:16 తెరిచి చూడుడి. పౌలు పత్రికలలో గ్రహించుటకు కష్టమైనవి కొన్ని ఉన్నవని అపొస్తలుడే ఒప్పుకొనుట చూచి మేము నవ్వుకొంటిమి.

అరువది ఆరు పుస్తకములలో 59 అనగా ఏడు తప్పిపోయినవి. అవి ఏవి? ఈ వేసవి వి.బి.ఎస్.లో పిల్లలను జట్లుగా విడదీసి ఈ ప్రశ్న ఇచ్చితిమి. ఒకే అధ్యాయమున్న ఓబద్యా, ఫిలేమోను, యోహాను రెండవ, మూడవ పత్రికలు, యూదా, ఈ అయిదును అయిదు నిమిషములలో వచ్చినవి. రెండే అధ్యాయములున్న హగ్గయి మరికొంతసేపటికి వచ్చెను. ఏడవది దొరకక అందరును చాలసేపు పుటలు తిరుగవేసిరి. మూడు అధ్యాయములున్నవి గదా అని తీతును ఎవరును అనుమానింపలేదు. అది మూడవ అధ్యాయము పదునైదవ వచనముతో ముగిసిపోవును, ఒక్క వచనము తక్కువ! దానిని కనిపెట్టినది ఏడవ తరగతి చదువుచున్న ఒక పాప. మరునాడు ఆ పాపయే మాకొక లెక్క తెచ్చినది. 3:16కు బదులు 4:13 తీసికొంటే ఎన్ని పుస్తకములు తప్పిపోవును అని. ఆదికాండమునుండి మొదలుపెట్టి మేము కీర్తనల వరకు వచ్చితిమి.