నీడకూ కూలి కట్టాలి

ఆగస్టు ఆఖర్లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో వరుసల మధ్య నేల కనిపించదు. మట్టి మీద కాగితాలు పరిచి, కోసిన గుత్తుల్ని వాటి మీదే ఆరబోస్తారు, మన పల్నాడు కల్లాల్లో మిర్చి ఆరబోసినట్టు. రకం కూడా మనకు కొత్తది కాదు. ఒకప్పుడు హైదరాబాద్ శివారు తోటల్లో విరగకాసిన థాంప్సన్ సీడ్‌లెస్సే. రెండు మూడు వారాల ఎండకు పచ్చటి గుత్తి ముడుచుకుని, నల్లబడి, కిస్‌మిస్ అవుతుంది. ఇప్పుడు కొన్నిచోట్ల యంత్రాలు దిగినా, ఈ పద్ధతిలో ఆరబెట్టే పనంతా ఎండదే. దానికి రైతు పైసా ఇవ్వక్కర్లేదు. గుత్తులు కోసి పరిచే మనిషికి మాత్రం కాగితం లెక్కన ముడుతుంది. ఎన్ని కాగితాలు నింపితే అంత కూలి.

ఈ తోటలున్న లోయ పేరు సెంట్రల్ వ్యాలీ. పొడవు దాదాపు 700 కిలోమీటర్లు. తూర్పున సియెర్రా నెవాడా, పడమట తీరపు కొండలు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం వైపున్న సందులోంచి సముద్రపు గాలి చొరబడి శాక్రమెంటోలో సాయంత్రాలను చల్లబరుస్తుంది. దక్షిణాన ఫ్రెస్నో, బేకర్స్‌ఫీల్డ్ దాకా వచ్చేసరికి ఆ గాలికి ఓపిక అయిపోతుంది. 2018లో ఫ్రెస్నోలో జులై 6 నుంచి ఆగస్టు 4 వరకు ముప్పై రోజులు వరసగా వంద డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 38 సెల్సియస్, తగ్గలేదు. సిలికాన్ వ్యాలీలో జులైలో కూడా పొద్దున్నే స్వెట్టర్ తగిలించుకుని ఆఫీసుకెళ్లే మన పిల్లలకు ఇదంతా మూడు గంటల కారు ప్రయాణం దూరం. వారాంతంలో యోసెమిటీకి వెళ్లేటప్పుడు ఏసీ కారు అద్దాల్లోంచి చూసే బాదం తోటలు ఈ లోయలోవే.

38 అంటే మనకు లెక్కలోకి రాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎరిగినవాళ్లం. అయితే వడగాడ్పుల లెక్క పగటి అంకె ఒక్కదానితో తేలదని 2006 జులైలో ఈ లోయకు బాగా తెలిసొచ్చింది. వడగాడ్పులు వీచిన ఆ రెండు వారాలూ గాలిలో తేమ ఎక్కువ, రాత్రిళ్లు కూడా వేడి దిగలేదు. పగలంతా కాగిన ఒళ్లు రాత్రి చల్లబడితేనే మర్నాటికి కోలుకుంటుంది. ఆ సందు దొరక్కపోతే నిన్నటి వేడి మీద ఇవాళ్టి వేడి పేరుకుంటుంది. ఎండదెబ్బ వల్లేనని అధికారికంగా నమోదైన చావులు రాష్ట్రమంతటా 140 పైచిలుకు. తర్వాత పరిశోధకులు మామూలు రోజుల మరణాలతో పోల్చి చూస్తే అదనంగా పోయినవాళ్లు ఆరువందల పైనే ఉంటారని తేలింది. చాలామంది ఇళ్లలోనే పోయారు. ఏసీ లేని ఇళ్లు, డబ్బుల్లేని పేటలు.

పశువుల సంగతి ఇంకా ఘోరం. పాడికి పేరుపడ్డ ఈ లోయలో పాతికవేలకు పైగా పశువులు, ఏడు లక్షల దాకా కోళ్లు చచ్చిపోయాయని అంచనా. కళేబరాలను తీసుకెళ్లే కర్మాగారాలు ఇక మావల్ల కాదన్నాయి. పాకల పక్కన ఆవులు గుట్టలుగా పడి ఉంటే, మామూలుగా ఒప్పుకోని చోట్ల పాతిపెట్టడానికి కౌంటీలు అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. చచ్చిన ఆవు రైతు పద్దులో నష్టం కింద కనిపిస్తుంది. ఏ పద్దులోనూ కనిపించకుండా పోయేది కూలి మనిషే.

2004 జులైలో అసున్సియోన్ వాల్దివియా అనే కూలీ నలభై డిగ్రీలు దాటిన ఎండలో పది గంటలు ద్రాక్ష కోసి కుప్పకూలాడు. వయసు 53. కొడుకు కారులో ఇంటికి తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియా ఎండలో పనిచేసేవాళ్ల కోసం నిబంధనలు తెచ్చింది. అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. మనిషికి గంటకు దాదాపు లీటరు చల్లటి నీళ్లు అందుబాటులో ఉంచాలి, నీడ చూపించాలి. తర్వాతి సవరణలతో ఇంకాస్త బిగించారు. పొలంలో 35 డిగ్రీలు దాటితే ప్రతి రెండు గంటలకూ కనీసం పది నిమిషాలు కూర్చోబెట్టాలి. కొత్తగా చేరినవాళ్లను మొదటి పద్నాలుగు రోజులూ కనిపెట్టి ఉండాలి. ఈ చివరిదాని వెనక అనుభవం ఉంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆలోపే ప్రమాదం ఎక్కువ.

రాసుకున్నంత మాత్రాన అమలవుతుందా? 2008 మే నెలలో స్టాక్‌టన్ దగ్గర ద్రాక్షతోటలో పదిహేడేళ్ల అమ్మాయి పడిపోయింది. పనిలో చేరి మూడో రోజు. నీళ్లున్నాయి, కాకపోతే నడిచి వెళ్లాల్సినంత దూరంలో. ఆస్పత్రికి చేరేసరికి ఒంటి వేడి 42 డిగ్రీలు. రెండు రోజులకు చనిపోయింది. అప్పటికి నిబంధన వచ్చి మూడేళ్లు.

నీళ్ల పీపా దగ్గరే ఉన్నా మనిషి ఎందుకు వెళ్లడంటే, వెళ్లిన ఐదు నిమిషాల్లో ఒక కాగితం తక్కువ నిండుతుంది. నీళ్లు తాగితే మళ్లీ మరుగుకు పోవాలి, అదింకో ఐదు నిమిషాలు. ఈ లెక్క కూలి బుర్రలో పొద్దున్నుంచి నడుస్తూనే ఉంటుంది. డేవిస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పరిశోధకులు 295 మంది వ్యవసాయ కూలీలకు పనికి ముందూ, పని దిగాకా రక్తపరీక్షలు చేశారు. ఒక్క రోజు పనితోనే 35 మందికి కిడ్నీలు దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. రోజు కూలికి వెళ్లేవాళ్లతో పోలిస్తే, చేసినంతకే కూలి తీసుకునేవాళ్లకు ఆ ముప్పు నాలుగు రెట్లకు పైనే. 2017లో అచ్చయిన ఈ అధ్యయనం చదివాక నీడ కోసం వేసే టెంట్ల మీద నాకు పెద్ద నమ్మకం మిగల్లేదు. టెంటు కంటే పద్దు ముఖ్యం.

అక్కడి చట్టసభకూ ఆ సంగతి ఆలస్యంగానైనా తట్టింది. 2016 నుంచి, చేసినంతకే కూలి ఇచ్చేచోట విశ్రాంతి సమయానికి విడిగా డబ్బు కట్టాలి. 2005లో నీడ ఇచ్చిన రాష్ట్రం, ఆ నీడలో కూర్చున్నందుకు కూలి ఇప్పించడానికి పదకొండేళ్లు తీసుకుంది.

ఇక మన సంగతి. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. వడదెబ్బ చావని తేల్చడానికి తహసీల్దారు, ఎస్‌ఐ, డాక్టరు ముగ్గురూ ఒప్పుకోవాలి. పొలంలో పడి, ఇంటికొచ్చి, తెల్లారేసరికి పోయినవాడి చావు చాలాసార్లు గుండెపోటు ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఆ ప్రాణం దక్కాలంటే, ఎండలో పడినవాడి మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. ఆ తడిపే పని మానేసి ఆస్పత్రి కోసం పరుగెత్తి పోగొట్టుకున్న ప్రాణాలెన్నో.

గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి కోతలకు వలస ముఠాలు దిగే రోజుల్లోనే ఎండ ముదురుతుంది. రోజు కూలికి కోసేవాళ్లున్నారు, కిలో లెక్కన కోసేవాళ్లూ ఉన్నారు. కిలో లెక్కయితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఆడవాళ్లు తల మీద తువ్వాలు కప్పుకుని మిట్టమధ్యాహ్నం కూడా చాలు వదలరు. కౌలు రైతును పట్టుకుని నీడకు కూలి కట్టమంటే అతని జేబులోనూ ఏమీ లేదు. ఈ ఖర్చు పంట ధర లెక్కల్లోనో, సర్కారు సాయంలోనో కలవాలి తప్ప అతని నెత్తిన రుద్దితే కుదరదు. అయినా లెక్కంటూ వేసి చూడొచ్చు. కాలిఫోర్నియా గీసిన 35 డిగ్రీల గీతను మన ఎండ మార్చిలోనే దాటిపోతుంది. రెండు గంటలకు పది నిమిషాల చొప్పున రోజుకు అటూ ఇటూగా అరగంట. పొద్దున్నే చేను గట్టు మీద ముఠా మేస్త్రీతో కిలో రేటు బేరమాడేటప్పుడే ఆ అరగంట సంగతీ తేల్చుకోవాలి.