విద్యార్థులలో ఆహారవ్యసనము

మన పూర్వులు గణించిన సప్తవ్యసనములలో పానమునకు చోటు గలదు గాని భోజనమునకు లేదు. అన్నము ప్రాణాధారము గనుక దానిని వ్యసనముగా నెంచలేదు. మితిమీరి తినువానిని తిండిపోతని పరిహసించుటతో సరిపుచ్చిరి. 1956లో అమెరికా వైద్యుడు థెరాన్ రాండాల్ఫ్ తన వ్యాసమున ‘ఆహారవ్యసనము’ అను భావమును ప్రతిపాదించెను.

దీనిని కొలుచు ప్రయత్నము విద్యార్థులతోనే మొదలైనది. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులైన గేర్‌హార్ట్, కార్బిన్, బ్రౌనెల్ గారలు 2009లో 25 ప్రశ్నల కొలమానమును ప్రకటించిరి. వారు పరిశీలించిన 353 మంది విద్యార్థులలో 11.4 శాతము మందియందు వ్యసనలక్షణములు కానవచ్చెను. తలచినదానికంటె నధికముగా తినుట, మానవలెనని పలుమారు యత్నించి విఫలుడగుట, కీడు కలుగునని యెరిగియు మానలేకుండుట మున్నగునవి యా లక్షణములు.

ఆకలి వేరు, ఈ తహతహ వేరు. ఆకలి యే యాహారముతోనైనను తీరును. తహతహ యొకానొక పదార్థమునే కోరును. 2015లో 120 మంది విద్యార్థులను 35 పదార్థములను గూర్చి ప్రశ్నింపగా, చాక్లెట్, పీజా వంటివి ముందు నిలిచెను. దోసకాయ, క్యారెట్ వంటివి వెనుకబడెను. కొవ్వును, శుద్ధిచేసిన పిండియు చక్కెరయు మిక్కుటముగా గల పదార్థములు మెదడులో తృప్తికి సంబంధించిన డోపమైన్ వ్యవస్థను ప్రేరేపించును.

అయినను దీనిని ప్రత్యేకవ్యాధిగా నంగీకరించుటలో వైద్యులలో నైకమత్యము లేదు. అమెరికా మనోవైద్యసంఘము 2013లో ప్రకటించిన వ్యాధినిర్ణయ గ్రంథమున అదుపుతప్పి యమితముగా భుజించు రుగ్మతకు స్థానము లభించెను గాని ఆహారవ్యసనమునకు లభింపలేదు.

చదువునకై యిల్లు విడిచి బెంగుళూరు, చెన్నై, బరంపురము వంటి నగరముల వసతిగృహములు చేరిన విద్యార్థికి వేళకు పిలిచి వడ్డించువారుండరు. పరీక్షలకై రాత్రులు మేల్కొనుటచే నిద్ర తరుగును. నిద్ర తరిగినకొలది తినవలెనను కోరిక పెరుగును. అమితముగా తిన్న మరునాడు సిగ్గుతో పస్తుండును. ఆ పస్తే మరల నమితభోజనమునకు దారితీయును. ఈ విధముగా చక్రము తిరుగుచుండును.

కావున నుపవాసము దీనికి మందు కాదు. వేళకు భోజనము, చాలినంత నిద్ర, అవసరమైనచో మనోవైద్యుని సలహా మేలుచేయును. ఆలోచనారీతిని, అలవాట్లను సరిదిద్దు చికిత్స యమితభోజన రుగ్మతయందు ఫలించుచున్నది. అన్నిటికంటె ముందుగా పెద్దలు మానవలసినది పరిహాసము. తిండిపోతని పిలువబడిన బాలుడు తినుట మానడు. పదుగురిలో తినుట మాని చాటున తినును. చాటున నున్న బాధకు చికిత్స చేయువారెవరు?